కేర్ హోమ్ ఫీజు, కౌన్సిల్ లెక్క, హైదరాబాద్ ఫ్లాటు

ఇంగ్లండ్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్న తెలుగువాళ్ళలో కూడా చాలామంది, ఆస్పత్రి ఉచితం కాబట్టి ముసలితనంలో చూసుకునే ఏర్పాటు కూడా ఉచితమే అనుకుంటారు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కి పైసా కట్టక్కర్లేదు. అదే మనిషి ఇంటికొచ్చాక స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి, రాత్రి బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళడానికి మనిషి కావాలంటే అది వైద్యం కాదు, సోషల్ కేర్. అది కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) చేతిలో ఉంటుంది, ఆస్తి, ఆదాయం చూసి లెక్కకడతారు. మా ఇంట్లో పెద్దావిడ కోసం మొదటి ఫోన్ నుంచి కేర్ హోమ్ ఒప్పందం దాకా నేనే దగ్గరుండి నడిపించాను. ఆ క్రమం, ఆ లెక్కలు, తప్పులు జరిగే చోట్లు ఇక్కడ రాస్తున్నాను. అంకెలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి. ఇది ఇంగ్లండ్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో 2002 నుంచే పెద్దవాళ్ళకు వ్యక్తిగత సంరక్షణ ఉచితం. వేల్స్‌లో కేర్ హోమ్‌కి ఆస్తి పరిమితి, అంటే అది దాటితే ఫీజు మొత్తం మనమే కట్టాల్సిన హద్దు, 50,000 పౌండ్లు. ఇక్కడ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉన్నవాళ్ళ సంగతే చెబుతున్నాను. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఈ దారి లేదు.

ముందు ఒక భ్రమ తీర్చేసుకోవాలి. "సంరక్షణ ఖర్చు 86 వేల పౌండ్లు దాటితే మిగతాది ప్రభుత్వమే కడుతుందట కదా" అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ పరిమితి లేదు. రాలేదు. 2011లో, సోషల్ కేర్ ఖర్చుల మీద ప్రభుత్వం వేసిన డిల్నాట్ కమిషన్ మొదటిసారి ఒక మనిషి జీవితకాలపు ఖర్చుకు 35,000 పౌండ్ల హద్దు పెట్టమంది. 2014లో కేర్ యాక్ట్ (సంరక్షణ చట్టం) వచ్చింది. దాని కింద 2016 ఏప్రిల్ నుంచి 72,000 హద్దు అన్నారు. 2015లో దాన్ని 2020కి వాయిదా వేశారు, 2017లో పక్కన పెట్టేశారు. 2021 సెప్టెంబర్‌లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం 86,000 హద్దు, ఆస్తి పరిమితి లక్ష పౌండ్లు, 2023 అక్టోబర్ నుంచి అమలు అంది. అందుకోసం జీతాల మీద 1.25 శాతం లెవీ (అదనపు పన్ను) కూడా వేసింది, మరుసటేడే లిజ్ ట్రస్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 2022 నవంబర్‌లో అమలును 2025 అక్టోబర్‌కి జరిపారు. 2024 జూలై 29న ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ పూర్తిగా రద్దు చేశారు. ఇప్పుడు సోషల్ కేర్ సంస్కరణ మీద లూయిస్ కేసీ కమిషన్ నడుస్తోంది. మొదటి దశ నివేదిక 2026లో, చివరిది 2028లోపు అన్నారు. పెళ్ళిచూపులు చాలా అయ్యాయి, ముహూర్తం మాత్రం కుదరలేదు.

నిజానికి ఆ 86 వేలు వచ్చినా జనం అనుకున్నంత ఒరిగేది కాదు. ఉదాహరణకి కేర్ హోమ్ ఫీజు వారానికి 1,100 పౌండ్లు అనుకోండి. కౌన్సిల్ తాను కొనే ధర 800 అనుకోండి. హద్దు మీటర్ మీరు కట్టిన 1,100 మీద తిరగదు, కౌన్సిల్ ధర మీద తిరుగుతుంది. అందులోంచి తిండికీ గదికీ అని వారానికి 200 తీసేస్తారు. అంటే వారానికి 600 చొప్పునే మీటర్ కదులుతుంది. 86,000కు చేరడానికి 144 వారాలు. అప్పటికి మీ జేబులోంచి పోయింది 1,58,400 పౌండ్లు. హద్దు దాటాక కూడా ఆ 200, పైన ఉన్న తేడా 300 మీరే కట్టాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రాబోయే సంస్కరణ మీద ఆశపెట్టుకుని ఇల్లు అమ్మాలా వద్దా, హోమ్‌కి ఎప్పుడు పంపాలి అన్న నిర్ణయాలు ఆపుకున్నవాళ్ళని చూశాను. ఇవాళ్టి నిబంధనతోనే లెక్క వేసుకోవాలి. ఇవాళ్టి నిబంధన అంటే 23,250 పౌండ్లు. అంతకన్నా ఎక్కువ ఉంటే మొత్తం మీరే. 14,250 కన్నా తక్కువ ఉంటే ఆస్తి జోలికి రారు, ఆదాయం మాత్రం చూస్తారు. ఈ రెండు అంకెలూ 2010 నుంచి కదల్లేదు. ధరలు ఎంత పెరిగాయో చూసుకుంటే, సంస్కరణ అన్న మాట ఎత్తకుండానే ప్రభుత్వం ఏటా పరిమితిని కొంచెం కొంచెం తగ్గిస్తున్నట్టే.

ఇక ప్రక్రియ. వరస ముఖ్యం: ముందు అవసరం, తర్వాత ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) వాటా, చివర డబ్బు. చాలా కౌన్సిళ్ళలో ఫోన్ ఎత్తిన మనిషి మొదటి నిమిషంలోనే "సేవింగ్స్ 23,250 దాటాయా?" అని అడుగుతారు. అవునంటే "అయితే మీరే చూసుకోండి" అని ఒక కేర్ హోమ్‌ల జాబితా పంపి ఫోన్ పెట్టేస్తారు. అది తప్పు. కేర్ యాక్ట్ సెక్షన్ 9 ప్రకారం అవసరం కనిపిస్తే నీడ్స్ అసెస్‌మెంట్ (అవసరాల అంచనా) చేయాల్సిందే, డబ్బు ఎంత ఉన్నా సరే. ఫోన్‌లో డబ్బు మాట రాగానే "ఆర్థిక వివరాలు తర్వాత ఇస్తాం, ముందు నీడ్స్ అసెస్‌మెంట్ కోసం రిక్వెస్ట్ నమోదు చేయండి" అనండి. అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి. ఫోన్ మాటకు తేదీ ఉండదు, ఈమెయిల్‌కి ఉంటుంది.

నీడ్స్ అసెస్‌మెంట్‌లో పది ఫలితాలు చూస్తారు: తినడం, ఒంటి శుభ్రత, మలమూత్రాలు, బట్టలు, ఇంట్లో సురక్షితంగా తిరగడం, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం, బంధాలు నిలుపుకోవడం, పని లేదా చదువు, ఊళ్ళో సౌకర్యాలు వాడుకోవడం, పిల్లల బాధ్యత. జబ్బు వల్లో వైకల్యం వల్లో వీటిలో రెండు చేసుకోలేక, దానివల్ల బతుకు మీద గట్టి ప్రభావం పడితే అర్హులే. చేసుకోలేకపోవడం అంటే పూర్తిగా చేతకాకపోవడమే కాదు. మనిషి సాయంతో చేసినా, విపరీతమైన నొప్పితో చేసినా, మామూలు కన్నా బాగా ఎక్కువ సమయం పట్టినా అది చేసుకోలేనట్టే.

మన ఇళ్ళలో కేసులు చెడేది ఇక్కడే. సోషల్ వర్కర్ వచ్చి కూర్చుంటుంది. పెద్దావిడ మంచి చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, ఆమెకి టీ ఇవ్వమని కోడలికి సైగ చేస్తుంది. "వంట చేసుకుంటారా?" అంటే "ఆ, చేసుకుంటానమ్మా" అంటుంది. పరాయి మనిషి ముందు చేతకాదని చెప్పడం ఆవిడకి నామోషీ. స్టవ్ ఆరు నెలల క్రితమే కట్టేశామని, పాలు పొంగి గిన్నె మాడిపోయినా ఆవిడకి వాసన తెలియలేదని పక్కనున్నవాళ్ళు చెప్పకపోతే, ఆ కాగితం మీద 'స్వతంత్రంగా చేసుకుంటారు' అని పడుతుంది. రెండో తప్పు మనది. "మేం చూసుకుంటాం లెండి" అనడం. అర్హత తేల్చేటప్పుడు ఇంట్లోవాళ్ళు చేస్తున్న సాయాన్ని లెక్కలోకి తీసుకోకూడదని చట్టం మార్గదర్శకాల్లో ఉంది. ఆ సాయం లేకపోతే ఏమవుతుందో అదే అసలు అవసరం. కుటుంబం చేయగలిగింది ఆ తర్వాత ప్లాన్ రాసేటప్పుడు వస్తుంది. కాబట్టి అసెస్‌మెంట్ రోజుకి ముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టండి. మేం రాసిన పేజీ ఒకటి ఇలా ఉంది: "రాత్రి 2.10 మంచం దిగారు, వీధి తలుపు గొళ్ళెం లాగుతున్నారు, పది నిమిషాలు పట్టింది తిరిగి పడుకోబెట్టడానికి. 3.40 మళ్ళీ. 5.15 పక్క తడి, దుప్పటి మార్చాం, ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది." ఇలాంటి పేజీలు పద్నాలుగు ఉంటే సోషల్ వర్కర్ వాదించదు, ఫొటో తీసుకుంటుంది. ఇంగ్లిష్ సరిగ్గా రాకపోతే దుభాషిని అడగండి. కొడుకో కూతురో అనువదిస్తే పెద్దవాళ్ళు కొన్ని విషయాలు, ముఖ్యంగా మలమూత్రాల సంగతి, అసలు నోరు విప్పరు. చూసుకుంటున్నవాళ్ళకి విడిగా కేరర్ అసెస్‌మెంట్ హక్కు కూడా ఉంది, సెక్షన్ 10 కింద. దాన్ని చాలామంది వదిలేస్తారు.

ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్ళకైతే మొదట రీఏబుల్‌మెంట్ (తిరిగి తమ పనులు తామే చేసుకునేలా ఇచ్చే తాత్కాలిక సాయం) ఉంటుందేమో అడగండి. ఆరు వారాల వరకు ఉచితం. వాకర్, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, కమోడ్ లాంటి వస్తువులు, వెయ్యి పౌండ్ల లోపు మార్పులు కూడా ఉచితమే. వీటికి ఆస్తి లెక్క లేదు.

డబ్బు దగ్గరికి పోయేముందు ఎన్‌హెచ్‌ఎస్ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ సంగతి తేల్చుకోవాలి. సీహెచ్‌సీ అంటారు. మనిషికి ఉన్న ప్రధాన అవసరం ఆరోగ్యానిదే అని తేలితే, కేర్ హోమ్ ఫీజుతో సహా మొత్తం ఎన్‌హెచ్‌ఎస్ కడుతుంది. ఇల్లు ఉందా, ఫ్లాటు ఉందా అని అడగరు. మొదటి మెట్టు చెక్‌లిస్ట్. 11 అంశాలు, ఒక్కోదానికి ఏ (ఎక్కువ అవసరం), బీ, సీ. రెండు ఏలు గానీ, ఐదు బీలు గానీ, ఒక ఏతో నాలుగు బీలు గానీ వస్తే పూర్తి అసెస్‌మెంట్‌కి వెళ్తుంది. ఆస్పత్రి మంచం మీద ఉండగా సాధారణంగా చేయరు, బయటికొచ్చి కాస్త కుదురుకున్నాక చేస్తారు. చేయమని మనమే అడగాలి. రెండో మెట్టు డెసిషన్ సపోర్ట్ టూల్. అందులో 12 అంశాలు: శ్వాస, ఆహారం, మలమూత్ర నియంత్రణ, చర్మం, కదలిక, మాట, మానసిక స్థితి, జ్ఞాపకం–ఆలోచన, ప్రవర్తన, మందులు, స్పృహ, ఇతరాలు. ఒక్కోదానికి లో, మోడరేట్, హై, కొన్నిటికి సివియర్, నాలుగింటికి ప్రయారిటీ దాకా ఉంటుంది. ఒక ప్రయారిటీ వచ్చినా, రెండు సివియర్లు వచ్చినా అర్హత సిఫార్సు వస్తుంది. లేకపోతే అవసరం స్వభావం, తీవ్రత, చిక్కు, ఎప్పుడేమవుతుందో చెప్పలేని తనం, ఈ నాలుగు కోణాల్లో వాదన నడుస్తుంది. చెక్‌లిస్ట్ అందిన 28 రోజుల్లో నిర్ణయం రావాలి.

ఆ మీటింగ్‌లో మళ్ళీ మళ్ళీ వినపడే మాట ఒకటుంది: "ఇప్పుడు బాగానే మేనేజ్ అవుతోంది కదా." కేర్ హోమ్ సిబ్బంది రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతుంటే పుండ్లు పడలేదు కాబట్టి చర్మం అంశంలో 'లో' వేస్తామంటారు. సీహెచ్‌సీ జాతీయ నిబంధనావళిలోనే ఉంది, బాగా చూసుకుంటున్నంత మాత్రాన అవసరం పోయినట్టు కాదని. ఆ మాట అక్కడ చెప్పి, తిప్పడం మానితే ఏమవుతుందో నర్స్ చేత చెప్పించాలి. దాని కోసం హోమ్ రోజువారీ నోట్స్, మందుల చార్టు, పడిపోయిన రికార్డు ముందే కాపీ తీసుకోవాలి. సీహెచ్‌సీ రాకపోయినా, నర్సింగ్ హోమ్‌లో ఉంటే నర్స్ పని వాటాగా ఎన్‌హెచ్‌ఎస్ వారానికి 254.06 పౌండ్లు నేరుగా హోమ్‌కి ఇస్తుంది. బిల్లులో అది తగ్గిందో లేదో చూసుకోండి. కొన్ని ఒప్పందాల్లో ఫీజు అంకె అది కలుపుకుని ఉంటుంది, కొన్నిట్లో తీసేసి ఉంటుంది. సంతకం ముందే ఏదో రాయించుకోవాలి.

సీహెచ్‌సీ లేదని తేలాకే ఆర్థిక అసెస్‌మెంట్. పూర్వం ఇక్కడ స్థిరపడిన పెద్దవాళ్ళకి పింఛను రెండు రకాలుగా వస్తుంది, ప్రభుత్వానిది, ఉద్యోగానిది. ఒక ఉదాహరణ లెక్క. ప్రాథమిక ప్రభుత్వ పింఛను 176.45, ఉద్యోగ పింఛను 150, బ్యాంకులో 19,000 పౌండ్లు. 14,250 పైన ఉన్న ప్రతి 250కి, లేదా అందులో భాగానికి, వారానికి ఒక పౌండ్ ఆదాయం ఉన్నట్టు అనుకుంటారు. 19,000 నుంచి 14,250 తీస్తే 4,750, అంటే వారానికి 19 పౌండ్లు. బ్యాంకు అంత వడ్డీ ఇస్తుందా అని అడక్కండి, ఇవ్వదు. మొత్తం 345.45. ఇందులో సొంత ఖర్చులకని 30.65 వదిలి మిగతా 314.80 తీసుకుంటారు. హోమ్ ధర 900 అయితే కౌన్సిల్ వాటా 585.20. చిన్నచిన్న మినహాయింపులు పక్కనపెడితే లెక్క ఇంతే. ఇప్పుడు భార్యో భర్తో ఇంట్లో ఉండి, ఉద్యోగ పింఛనులో సగం వాళ్ళకి ఇస్తే ఆ సగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 75 పౌండ్లు తగ్గి కట్టాల్సింది 239.80 అవుతుంది. ఏడాదికి 3,900 పౌండ్ల తేడా. ఫారంలో ఈ గడి చివరి పేజీలో ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేసినవాళ్ళకి గుర్తుచేసే నాథుడు ఉండడు. జాయింట్ ఖాతా అయితే సగమే లెక్క. భార్యాభర్తలైనా ఒకరి సొంత డబ్బుని కౌన్సిల్ ఇంకొకరి లెక్కలో కలపకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు, ఇంగ్లిష్ గైడ్లలో పెద్దగా విడమర్చి ఉండనిది: ఇండియాలో ఉన్న ఆస్తి. లెక్కకి వస్తుంది. కూకట్‌పల్లి ఫ్లాటైనా, విజయవాడ స్థలమైనా, ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో ఉండేవాళ్ళ రూపాయి ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్ అయినా. డబ్బు ఆ దేశం నుంచి తెచ్చుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోకపోతే దానికి రుజువు చూపాలి. కానీ రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. కాబట్టి 'తేవడం కుదరదు' అన్న వాదన నిలవదు. దాచితే? ఎన్నేళ్ళకైనా తెలిస్తే వెనకటి డబ్బుతో సహా వసూలు చేస్తారు. ఆ జోలికి పోకండి.

విలువ ఎలా చూపించాలి అన్నది పెద్ద పని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే మార్కెట్ విలువ సర్టిఫికెట్ సరిపోతుందనుకుంటారు. అది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం కట్టిన రేటు, అమ్ముడుపోయే ధర కాదు. కౌన్సిల్‌కి కావాల్సింది అమ్మితే ఎంత వస్తుందన్నది. రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టు, ఈసీ, దస్తావేజు కాపీ, అప్పు ఉంటే బ్యాంకు లేఖ, ఇవన్నీ ఇంగ్లిష్‌లో కలిపి పంపాలి. తెలుగులో ఉన్న పాత దస్తావేజుకి అనువాదం జత చేయాలి. అమ్మకం ఖర్చులు ఉంటాయి కాబట్టి విలువలోంచి పది శాతం, తాకట్టు అప్పు ఉంటే అదీ తీసేయాలి. కౌన్సిల్ చేయకపోతే అడగండి. ఫ్లాటు విలువని ఆస్తిగా వేసుకున్నాక దాని అద్దెని విడిగా వారపు ఆదాయంలో మళ్ళీ కలపకూడదు. మా లెక్కలో కలిపారు, ఒక ఉత్తరంతో తీసేశారు.

నలుగురన్నదమ్ముల ఉమ్మడి పొలం సంగతి వేరు. పంచుకోని భూమిలో నాలుగో వాటా అంటే, మొత్తం ధరని నాలుగుతో భాగించడం కాదు. ఆ ఒక్క వాటాని, మిగతా ముగ్గురూ సాగు చేసుకుంటూ ఉండగా, బయటివాడు ఎంతకి కొంటాడు అన్నదే విలువ. కొనేవాడే ఉండకపోవచ్చు. మార్గదర్శకాలు కూడా విలువ చాలా తక్కువగానో, దాదాపు సున్నాగానో ఉండొచ్చని ఒప్పుకుంటాయి. దీన్ని వాల్యూయర్ చేత రిపోర్టులోనే రాయించాలి. "మొత్తం నాలుగెకరాలు, ఎకరం ఇంత" అని రాసిన రిపోర్టు పంపితే కౌన్సిల్ గుణించేస్తుంది.

ఎల్‌ఐసీ పాలసీ సరెండర్ విలువ లెక్కలోకి రాదు. ఒంటి మీది నగలు, ఇంట్లో సామాను వ్యక్తిగత వస్తువులే, రావు. కానీ అసెస్‌మెంట్‌కి మూడు నెలల ముందు ఖాతాలోంచి నలభై వేలు తీసి బంగారం కొంటే వస్తుంది. దాన్ని డిప్రివేషన్ అంటారు, కావాలని ఆస్తి తగ్గించుకోవడం. ఇక్కడ వారసత్వ పన్నుకున్న ఏడేళ్ళ నియమాన్ని దీనికి అంటగట్టి "ఏడేళ్ళు దాటితే అడగరు" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. సంరక్షణ లెక్కకి అలాంటి గడువు లేదు. కౌన్సిల్ చూసేది రెండు: ఇచ్చే సమయానికి సంరక్షణ అవసరం పడుతుందని ఊహించగలిగే స్థితి ఉందా, ఖర్చు తప్పించుకోవడం ఇచ్చినదానికి ముఖ్య కారణమా. మనవరాలి పెళ్ళికి ఇచ్చిన డబ్బు, డిమెన్షియా అని తేలకముందు, ఎప్పటిలాగే ఇచ్చిందైతే చెప్పుకోవచ్చు. తేలిన తర్వాత ఫ్లాటు కొడుకు పేర రాస్తే, ఇంకా ఆవిడదే ఉన్నట్టు లెక్కేస్తారు. సెక్షన్ 70 కింద పుచ్చుకున్న కొడుకు దగ్గర వసూలు చేసే హక్కు కూడా ఉంది.

ఇక ఇక్కడి ఇల్లు. ఇంట్లోనే ఉండి సాయం తీసుకుంటే ఇంటి విలువ లెక్కకి రాదు. శాశ్వతంగా కేర్ హోమ్‌కి వెళ్తేనే వస్తుంది. అప్పుడు కూడా భార్య లేదా భర్త, 60 ఏళ్ళు దాటిన బంధువు, వైకల్యమున్న బంధువు, మైనర్ బిడ్డ ముందునుంచీ అదే ఇంట్లో ఉంటుంటే రాదు. ఎవరూ లేకపోయినా మొదటి 12 వారాలు ఇంటిని పక్కన పెట్టాలి. తర్వాత డిఫర్డ్ పేమెంట్ అగ్రిమెంట్ అడగొచ్చు. కౌన్సిల్ ఇంటి మీద ఛార్జి (తాకట్టు హక్కు) వేసుకుని ఫీజు అప్పుగా కడుతూ పోతుంది. ఎంతవరకు? ఇంటి విలువలో పది శాతం తీసి, 14,250 తీసి, తాకట్టు అప్పు తీసి. 3,00,000 పౌండ్ల ఇంటికి 2,55,750 దాకా. వడ్డీ గరిష్ఠం ప్రభుత్వ గిల్ట్ (బాండ్) రేటుకి 0.15 శాతం కలిపి, జనవరి ఒకటిన, జూలై ఒకటిన మారుతుంది. పైగా ఏర్పాటు ఫీజు. వారానికి 144 పౌండ్ల వరకు ఆదాయం చేతిలో ఉంచుకోనివ్వాలి, ఇంటి మరమ్మతులు, బీమా దాంట్లోంచే.

ఈ రెండు వెసులుబాట్లకీ ఒకే షరతు ఉంది, మనవాళ్ళు పట్టించుకోనిది: ఇల్లు కాక మిగతా ఆస్తి 23,250 లోపు ఉండాలి. హైదరాబాద్ ఫ్లాటు విలువ దాన్ని దాటుతుంది. అంటే ఫ్లాటు ఒక్కటి ఉన్నందుకు 12 వారాలూ పోతాయి, డిఫర్డ్ పేమెంట్ హక్కూ పోతుంది. ఆ ఫ్లాటు మీద ఇక్కడి ల్యాండ్ రిజిస్ట్రీలో ఛార్జి వేయడం కుదరదు కాబట్టి దాని మీద అప్పు ఇవ్వమని కౌన్సిల్‌ని ఒప్పించడమూ కష్టమే. అమ్మేదాకా నెల నెలా ఫీజు పిల్లల జేబులోంచే. మతిమరుపు ముదిరాక అమ్మడానికి సంతకం ఎవరిది? ఇంగ్లండ్‌లో రాసుకున్న లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (తెలివి పోయాక కూడా చెల్లే అధికార పత్రం) ఇక్కడి బ్యాంకులకి, ఇక్కడి ఇంటికి పనికొస్తుంది. హైదరాబాద్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర దానితో పని జరుగుతుందని ఆశపెట్టుకోకూడదు. అక్కడికి విడిగా పవర్ ఆఫ్ అటార్నీ రాసి, ఇండియన్ హైకమిషన్‌లో ధ్రువీకరించుకుని, ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఈ రెండు కాగితాలూ మనిషికి తెలివి స్పష్టంగా ఉండగానే కావాలి. ఇండియా పవర్ ఆఫ్ అటార్నీ మనిషికి తెలివి పోయాక చెల్లదు, కాబట్టి అమ్మకం కూడా ఆలోపే కావాలి. డిమెన్షియా మాట డాక్టర్ నోట వచ్చిన వారంలోనే మొదలుపెట్టాల్సిన పని ఇదే. తర్వాతైతే ఇక్కడ కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కి (తెలివి కోల్పోయినవాళ్ళ వ్యవహారాలు చూసే కోర్టు) పోవాలి, నెలలు పడుతుంది.

టాప్‌అప్ గురించి ఒక మాట. కౌన్సిల్ డబ్బు కట్టే పరిస్థితి వచ్చాక, తన బడ్జెట్‌లో సరిపోయే హోమ్ కనీసం ఒకటైనా చూపాలి. ఆ బాధ్యత కౌన్సిల్‌ది. అంతకన్నా ఖరీదైనది మీరు కోరితేనే తేడా మీరు కడతారు. "ఖాళీ ఇదొక్కటే ఉంది, టాప్‌అప్ సంతకం పెట్టండి" అంటే పెట్టకండి, బడ్జెట్‌లో ఉన్న హోమ్ పేరు రాతపూర్వకంగా అడగండి. పెడితే ఏటా పెరిగే తేడా కూడా మీదే. శాకాహారం, తెలుగు మాట్లాడే మనిషి లాంటివి అసెస్‌మెంట్‌లో అవసరంగా నమోదై ఉంటే అది కోరిక కిందికి రాదు, అవసరం కిందికి వస్తుంది. బడ్జెట్టే దానికి తగ్గట్టు పెరగాలి. అందుకే ఆ నోట్‌బుక్‌లో తిండి సంగతి కూడా రాయండి.

సొంతంగా కట్టుకునేవాళ్ళ మీద ఇంకో భారం ఉంది. 2017లో కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ (వ్యాపార పోటీని చూసే ప్రభుత్వ సంస్థ) తేల్చినదాని ప్రకారం కౌన్సిళ్ళు సగటున వారానికి 621 పౌండ్లు కడుతుంటే సొంతంగా కట్టేవాళ్ళు 846 కడుతున్నారు. కౌన్సిల్ ధరకే హోమ్ కొనిపెట్టమని అడిగే హక్కు సంస్కరణతో పాటు రావాల్సింది, అదీ ఆగిపోయింది. కాబట్టి ధర బేరమాడాల్సిందే. హోమ్ మేనేజర్లు బేరానికి అలవాటుపడినవాళ్ళే, మొహమాటపడకండి. మొదటి ఏడాది ఫీజు పెంచకూడదన్న షరతు అడిగితే ఒప్పుకున్నారు.

ఇంటి దగ్గరే సంరక్షణ అయితే ఏజెన్సీ వద్దని డైరెక్ట్ పేమెంట్, అంటే కౌన్సిల్ ఇచ్చే డబ్బు మన చేతికే, తీసుకోవచ్చు. ఆ డబ్బుతో తెలుగు వచ్చిన మనిషిని మనమే పెట్టుకోవచ్చు, చారు పెట్టడం వచ్చిన మనిషిని. అయితే అప్పుడు మనం యజమానులం: పేరోల్, బీమా, సెలవు జీతం అన్నీ చూడాలి. అదే ఇంట్లో ఉండే దగ్గరి బంధువుకి ఆ డబ్బు మామూలుగా ఇవ్వనివ్వరు. ఇప్పుడు మనుషులు దొరకడమూ కష్టమే. 2022, 23లలో కేర్ వర్కర్ వీసా మీద మన తెలుగు పిల్లలు చాలామంది వచ్చారు. 2024 మార్చి నుంచి వాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోవడం ఆపేశారు, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడమే ఆపేశారు.

అటెండెన్స్ అలవెన్స్ (సంరక్షణ అవసరమైన పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఆస్తి చూడకుండా వస్తుంది, వారానికి 73.90 లేదా 110.40. రాత్రి కూడా మనిషి కావాలంటే పెద్దది. కౌన్సిల్ ఫీజు కడుతున్న హోమ్‌లో చేరితే 28 రోజుల తర్వాత ఆగిపోతుంది. సొంతంగా కడుతున్నా, డిఫర్డ్ పేమెంట్‌తో మొత్తం తిరిగి కట్టబోతున్నా ఆగదు. హోమ్‌లో చేరినవాళ్ళందరికీ ఆగుతుందనుకుని ఫోన్ చేసి రద్దు చేయించుకున్నవాళ్ళు ఉన్నారు.

నిర్ణయం నచ్చకపోతే సీహెచ్‌సీకి ఆరు నెలల్లోపు తిరిగి చూడమని అడగాలి. కౌన్సిల్ లెక్కకైతే ముందు కౌన్సిల్‌లోనే ఫిర్యాదు, తర్వాత లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ (స్వతంత్ర ఫిర్యాదుల అధికారి), అదీ తప్పు మనకి తెలిసిన 12 నెలల్లోపు. ఏప్రిల్‌లో కొత్త లెక్క పంపుతారు. పింఛను పెరిగిన దానికి సరిపడా వాటా పెరుగుతుంది. పాత తప్పులు, ఉద్యోగ పింఛను సగం మినహాయింపు, ఫ్లాటు అద్దె, ఆ కొత్త లెక్కలో మళ్ళీ తిరిగొచ్చే అవకాశం ఉంది. పోయినేడు పంపిన ఉత్తరం కాపీనే తేదీ మార్చి మళ్ళీ పంపితే సరిపోతుంది. డిఫర్డ్ పేమెంట్ ఉంటే, మనిషి పోయిన 90 రోజులకి అప్పు కట్టాల్సి వస్తుంది. కట్టేదాకా వడ్డీ తిరుగుతూనే ఉంటుంది. ఇంటికి ప్రొబేట్ (పోయినవాళ్ళ ఆస్తి అమ్మడానికి కోర్టు అనుమతి) ఆ 90 రోజుల్లో రాకపోవచ్చు. ఆ సంగతి మొదటి వారంలోనే కౌన్సిల్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి.